రాస్తున్నా సార్!

విశ్వవిద్యాలయం వరండాలో గైడు ఎదురైతే పరిశోధక విద్యార్థి నోట వచ్చే మాట ఒకటే: "రాస్తున్నా సార్." మాట అదే, ఏడాదిని బట్టి అర్థం మారుతుంది. మొదటి ఏడాది అంటే ఇంకా చదవడం మొదలుపెట్టలేదని. మూడో ఏడాది అంటే సమాచారం పోగేస్తున్నానని. ఐదో ఏడాది అంటే ఆ ఫైలు తెరిచి నాలుగు నెలలైందని. ఆరో ఏడాది చివర్లో అంటే మాత్రం నిజంగానే రాస్తున్నాడని. నేనూ ఒకప్పుడు ఈ మాట అన్నవాణ్ణే. ఆ తర్వాత చాలా ఏళ్లుగా వింటున్నవాణ్ణి.

థీసిస్ గడువులోగా ఎందుకు పూర్తికాదు అని అడిగితే మనవాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు బద్ధకం. 'ఆంధ్రులు ఆరంభశూరులు' అన్న పాత దెప్పు ఎలాగూ ఉంది, దాన్నీ జత చేస్తారు. నాకు ఆ జవాబు మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. బద్ధకస్థులు లేరని కాదు. అయితే ఆరేళ్లు హాస్టల్ మెస్ పప్పు తిని, పండక్కి ఇంటికెళ్తే "ఇంకా చదువేనా అబ్బాయ్?" అనే పెదనాన్నలకు జవాబు చెప్పుకుంటూ నెట్టుకురావడం బద్ధకస్థుడి వల్ల అయ్యే పని కాదు. నాకు తెలిసినంతలో థీసిస్ మీద మూడు క్యాలెండర్లు నడుస్తుంటాయి. స్కాలర్‌ది ఒకటి, గైడుది ఒకటి, ఆఫీసుది ఒకటి. ఆఖరి తేదీ గట్టిగా గుర్తుపెట్టి ఉండేది మొదటిదాని మీద మాత్రమే.

ముందు నిబంధన ఏమంటుందో చూద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో పీహెచ్.డి.కి కోర్స్‌వర్క్ తప్పనిసరి చేసింది. 2016లో నిబంధనలు తిరగరాసింది, 2022 నవంబరులో మళ్లీ రాసింది. ఈ చివరిదాని ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, చేరిన తేదీ నుంచి గరిష్ఠంగా ఆరేళ్లు. అప్పటికీ కాకపోతే రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుని మరో రెండేళ్లు, మొత్తం ఎనిమిది దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు, అంటే పదేళ్ల దాకా. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవులు మొత్తం పరిశోధన కాలంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు.

కాగితం మీద ఇది ఉదారమైన గడువే. ఆ ఆరేళ్లను విప్పి చూస్తే లెక్క వేరు. మొదట కోర్స్‌వర్క్: 12 నుంచి 16 క్రెడిట్లు, 55 శాతం మార్కులు. ఆ పరీక్షలు జరిగి, ఫలితాలు వచ్చి, అంశం ఖరారై, సినాప్సిస్ ఆమోదం పొందేసరికి రెండో ఏడాదిలో సగం కరిగిపోతుంది. అటు చివర ప్రీ-సబ్మిషన్ సెమినార్, దిద్దుబాట్లు, సాఫ్ట్‌వేర్ తనిఖీ, బైండింగ్, నో డ్యూస్ సంతకాలు. వీటికి ఆరు నెలలు తీసి పక్కన పెట్టాల్సిందే. ఇక చేతికి దక్కేది నాలుగేళ్లు. అందులోనే ఊళ్లు తిరగడం, ప్రయోగశాలలో పరికరం పాడై మెకానిక్ కోసం ఎదురుచూసిన నెలలు, ఒక పెళ్లి, ఇంట్లో ఒకరి ఆస్పత్రి. మన దగ్గర దీనికి తోడు ఉద్యోగాల నోటిఫికేషన్లు. గ్రూప్-1 అన్నా, జూనియర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులన్నా హాస్టల్ మొత్తం అటు తిరుగుతుంది. రిఫరెన్స్ పుస్తకాల పక్కనే ఇండియన్ పాలిటీ గైడు లేని స్కాలర్ గదిని నేను తక్కువగా చూశాను. దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. థీసిస్ పూర్తయ్యాక ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేనివాడు నోటిఫికేషన్ వదులుకొమ్మని ఏ నోటితో చెప్తాడు?

మనిషి తన పనికి తాను వేసుకునే అంచనా ఎప్పుడూ తక్కువే ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు తేల్చి చాలా కాలమైంది. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్‌కీ 1979లోనే ఈ ప్రణాళికా భ్రమకు పేరుపెట్టారు. దాన్ని కొలవడానికి 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు ఎంచుకున్నది కూడా థీసిస్ రాస్తున్న విద్యార్థులనే. సైకాలజీ ఆనర్స్ విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందంటే 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజులకు పైనే. మొదట చెప్పిన తేదీకి ఇచ్చినవాళ్లు మూడో వంతు కూడా లేరు.

ఇందులో నన్ను ఆపేసిన అంకె రెండోది. పీడకల కన్నా వాస్తవం పొడుగైంది. ప్లాన్ వేసేటప్పుడు మనిషి తన పథకాన్నే చూసుకుంటాడు తప్ప, అదే దారిన పోయినవాళ్లకు ఎన్నాళ్లు పట్టిందో చూడడు. అందుకే కొత్తగా చేరినవాళ్లను నేను టైం టేబుల్ వేసుకు రమ్మనను. "మన డిపార్ట్‌మెంట్‌లో ఇంతకుముందు చేసిన ఐదుగురిని కలిసి, ఏ అధ్యాయానికి ఎన్ని నెలలు పట్టిందో అడిగి రాసుకు రావయ్యా" అంటాను. మొహం మాడ్చుకుని తిరిగొస్తారు. అది మంచి లక్షణమే.

ఒక లెక్క దగ్గరగా చూపిస్తాను. మౌఖిక సాహిత్యం మీద పనిచేసిన ఒక అమ్మాయి రెండేళ్లు ఊళ్లు తిరిగి 60 గంటల పాటలు, కథలు రికార్డు చేసుకొచ్చింది. ఫోన్‌లో, మెమొరీ కార్డుల్లో, పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. "మెటీరియల్ అంతా వచ్చేసింది సార్, ఇక రాయడమే" అంది, పెళ్లి చూపులు ముగిసినంత నిశ్చింతగా. గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగాను. కూర్చుని ఒక్క గంట చేసి చూసింది. ఏడు గంటలు పట్టింది. వంత పాడేవాళ్ల గొంతు కథకురాలి గొంతు మీద పడ్డచోట ఒకే పంక్తిని పదిసార్లు వినాలి, ఊరి మాట తెలియకపోతే ఆ ఊరికే ఫోన్ చేయాలి. 60ని 7తో గుణిస్తే 420 గంటలు. రోజుకు మూడు గంటల చొప్పున 140 రోజులు. ఇంకా ఒక్క వాక్యం విశ్లేషణ లేదు. ఆమె వేసుకున్న ప్లానులో ఈ పనికి కేటాయించినది 'దసరా సెలవులు'.

గడువు తప్పే చోటు నాకు తెలిసి ఇదే. అందరూ ఆరో ఏడాదిని చూసి కంగారుపడతారు. అసలు జారిపోయేది 'ముందు సేకరణ, తర్వాత రాత' అని మొదటి ఏడాదిలో గీసుకున్న గీత దగ్గర. సేకరణకు అంతు ఉండదు. ప్రతి పుస్తకం వెనక ఇంకో పది పుస్తకాల పేర్లుంటాయి. జిరాక్సుల కట్ట ఎంత పెరిగితే పని అంత జరిగినట్టు కనిపిస్తుంది, కళ్లకు ఆనుతుంది, చేత్తో తడిమి చూసుకోవచ్చు. రాసిన పేజీ అలా కాదు. అది మన అజ్ఞానాన్ని మన ముందే పెడుతుంది. అందుకే చదువరి కూడా రాతకు కూర్చోకుండా మళ్లీ లైబ్రరీకి పారిపోతాడు, అదీ పనే కదా అన్న సమాధానంతో.

రాబర్ట్ బాయిస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980ల నుంచి అధ్యాపకుల రాత అలవాట్ల మీద పనిచేశాడు. ఆయన తేల్చిందేమిటంటే సెలవులొస్తే, మూడొస్తే, రోజంతా ఖాళీ దొరికితే కూర్చుని రాసేస్తామనేవాళ్ల కంటే రోజూ కాసేపు, మూడున్నా లేకపోయినా రాసేవాళ్లే ఎక్కువ పేజీలు రాశారు, కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ తట్టాయి. ఈ దారినే జోన్ బోల్కర్ 1998లో రోజుకు పదిహేను నిమిషాలతో థీసిస్ రాయడం గురించి పుస్తకం వేసింది. ఆ పేరు చూసి నవ్వుకున్నాను గానీ, పదిహేను నిమిషాలనేది కూర్చోబెట్టడానికి వేసిన ఎర అని చదివాక అర్థమైంది. ఇక ఇటాలియన్ రచయిత ఉంబెర్టో ఎకో 1977లో ఇటలీ విద్యార్థుల కోసం థీసిస్ రాయడం ఎలా అనే పుస్తకం రాస్తూ ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్లకు మించకుండా ముగించాలన్నాడు. మూడేళ్లు దాటిందంటే అంశం శక్తికి మించిందైనా అయి ఉండాలి, సర్వం చెప్పేద్దామనే జబ్బైనా పట్టుకుని ఉండాలి అని ఆయన లెక్క. ఆయన చెప్పింది డిగ్రీ స్థాయి థీసిస్ గురించి. అయినా ఆ రెండో జబ్బు మన పీహెచ్.డి.లో మరీ ముదిరింది.

తెలుగు శాఖల్లో దానికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. మా ముందు తరం సిద్ధాంత గ్రంథాలు గ్రంథాలయంలో గుడుల్లా నిలబడి ఉంటాయి. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన ఒక శాస్త్రానికే తలుపు తీసింది. సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వం మీద రాసింది ఇప్పటికీ ఎం.ఏ. విద్యార్థులకు పాఠం. వాటిని చూసిన కుర్రవాడు తనదీ అలాగే ఉండాలనుకుంటాడు, అనుకోవాలి కూడా. అతను చూడనిది ఆ పుస్తకాల వెనక తేదీలు. నారాయణరెడ్డికి పట్టా వచ్చింది 1962లో, పుస్తకం అచ్చయింది 1967లో. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందింది 1957లో, పుస్తకం వచ్చింది 1961లో. మహామహులకే పట్టాకూ అచ్చుకూ నడుమ నాలుగైదేళ్లు ఉంది. గుమ్మం దాటించాల్సినదాన్ని గోపురం దాకా లేపాలని కూర్చుంటే ఇల్లు ఎప్పటికీ గృహప్రవేశానికి రాదు.

రాక్‌స్టార్ బ్రయాన్ మే సంగతి మాత్రం వేరు. క్వీన్ బృందంలో గిటారు వాయించే ఆయన 1970లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సౌరకుటుంబంలోని ధూళి మేఘం మీద పరిశోధన మొదలుపెట్టి, పాటల కోసం వదిలేసి, 2007లో సమర్పించాడు. ఈ ముచ్చట చెప్పి నన్ను ఓదార్చబోయిన స్కాలర్ ఒకరున్నారు. "నీకు గిటారొచ్చా నాయనా?" అన్నాను.

ఇక డబ్బు. ఈ ప్రశ్నలో అన్నిటికంటే తక్కువ మాట్లాడేదీ, అన్నిటికంటే ఎక్కువ పనిచేసేదీ ఇదే. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. మొదట రెండేళ్లు, తర్వాత మూడేళ్లు, మొత్తం ఐదేళ్లు. గడువు ఆరేళ్లు, ఫెలోషిప్ ఐదేళ్లు! రాతకు కూర్చోవాల్సిన ఆఖరి ఏడాదే చేతిలో పైసా లేని ఏడాది. జేఆర్ఎఫ్ లేనివారిలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల స్కాలర్లకు నాన్-నెట్ ఫెలోషిప్ కింద వచ్చింది నెలకు 8,000. దాన్నీ ఎత్తేయబోతే 2015లో ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేనివాళ్లు పార్ట్‌టైం లెక్చరర్‌గానో, కోచింగ్ సెంటర్లోనో చేరతారు. వారానికి పాతిక క్లాసులు చెప్పి రాత్రి పదింటికి గదికొచ్చినవాడికి బాయిస్ చెప్పిన రోజువారీ రాత సూత్రం చదివి వినిపించే ధైర్యం ఎవరికైనా ఉంటే ఉండొచ్చు.

ఫెలోషిప్ గడువుకూ థీసిస్ గడువుకూ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో అంబేద్కర్ జీవితంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా లేదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనం మీద కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. 1917లో ఉపకారవేతనం కాలం ముగిసింది, పని సగంలో ఉంది. నాలుగేళ్లలోగా తిరిగి రావచ్చని అనుమతి తీసుకుని వెనక్కి బయలుదేరాడు. యుద్ధకాలం. ఆయన పుస్తకాల సామాను వేసిన ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకున్నాడు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయపడ్డాడు, 1920లో మళ్లీ లండన్ చేరాడు. రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. థీసిస్ 1922లో సమర్పించాడు. పరీక్షకులు మార్పులు అడిగారు. మార్చి ఇచ్చాక 1923లో పట్టా వచ్చింది. కొలంబియా పీహెచ్.డి. సంగతి ఇంకా విచిత్రం. అక్కడ అచ్చు ప్రతులు ఇస్తేగాని పట్టా ఇవ్వరు. పుస్తకం 1925లో అచ్చయింది, పట్టా 1927లో చేతికొచ్చింది. కొలంబియాలో అడుగుపెట్టిన పద్నాలుగేళ్లకు! ఆ మనిషిని బద్ధకస్థుడనడానికి ఎవరికి నోరొస్తుంది? కాలమంతా డబ్బు దగ్గర, ఓడ దగ్గర, ప్రెస్సు దగ్గర పోయింది. లండన్ ఇచ్చిన ఆ నాలుగేళ్ల అనుమతి లేకపోతే డి.ఎస్సీ. కూడా ఉండేది కాదు. ఇవాళ్టి మన రీ-రిజిస్ట్రేషన్ నిబంధనను చూసి 'ఇంత వెసులుబాటు ఎందుకు' అని విసుక్కునేవాళ్లు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

గైడు క్యాలెండర్ గురించి రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. ఒక స్కాలర్ నాకు మూడో అధ్యాయం ఇచ్చాడు. సాయంత్రం చదువుదామని స్కూటర్ డిక్కీలో పెట్టాను. తనిఖీకి న్యాక్ బృందం వస్తోందని ఆ నెల అంతా ఫైళ్లు, తర్వాత పరీక్షల డ్యూటీ, తర్వాత పేపర్లు దిద్దడం. అతను అడగలేదు. మన దగ్గర గైడును గడువు అడగడం అమర్యాద. సంక్రాంతికి స్కూటర్ సర్వీసింగుకిస్తే మెకానిక్ కుర్రాడు కవరు తీసి చేతికిచ్చాడు. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ అతని ఖాతాలోనే పడ్డాయి, నా ఖాతాలో ఒక్క రోజు కూడా పడలేదు. పరిశోధన సలహా సంఘం ముందు ఆ సెమిస్టర్ 'ప్రగతి మందకొడిగా ఉంది' అని రాసి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఒకరి కింద ఎంతమంది ఉండాలో యూజీసీ లెక్క కట్టింది: ప్రొఫెసర్‌కు ఎనిమిది, అసోసియేట్‌కు ఆరు, అసిస్టెంట్‌కు నాలుగు. ఈ లెక్క అధ్యాపకులుంటే చక్కనిది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక శాఖలు ఖాళీ అయ్యాయి. అటువైపు దేశంలో పీహెచ్.డి. చేస్తున్నవారు 2014-15లో 1.17 లక్షలుంటే 2021-22 నాటికి 2.12 లక్షలయ్యారు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పాత స్కాలర్లకు రిటైరయ్యాక కూడా, తమకు డెబ్బై ఏళ్లు వచ్చేదాకా సహ పర్యవేక్షకులుగా ఉండొచ్చు. మంచి నిబంధనే. అయితే రిటైరైన గైడు కూతురి దగ్గరికి డల్లాస్ వెళ్తే అధ్యాయం వాట్సాప్‌లో పోతుంది, అభిప్రాయం అర్ధరాత్రి వాయిస్ మెసేజ్‌గా వస్తుంది. సలహా సంఘం సమావేశాలంటారా, చాలాచోట్ల టీ, బిస్కెట్టు, 'సంతృప్తికరం'. ఆరు నెలలకోసారి నిజంగా రాసిన పేజీలు బల్ల మీద పెట్టించి చదివితే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండదు. సెమిస్టర్‌కోసారి హాజరు కావాలన్న నిబంధన ఉద్దేశం అదే, దాన్ని హాజరుపట్టీగా మార్చుకున్నది మేమే.

బయటి దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి పెద్ద అధ్యయనం చేసి, పదేళ్లు గడిచేసరికి కూడా డాక్టరేట్ పూర్తిచేసినవారు మొత్తం మీద 57 శాతమేనని 2008లో ప్రకటించింది. ఇంజినీరింగులో 64, మానవీయ శాస్త్రాల్లో 49. ఆరంభశూరత్వం ఆంధ్రులకే పేటెంటు కాదన్నమాట. కోర్సులు, పరీక్షలు అన్నీ ముగించి థీసిస్ ఒక్కటే మిగిలినవారికి అక్కడ ఏబీడీ అనే పొట్టి పేరే ఉంది. బార్బరా లవిట్స్ 2001లో ప్రచురించిన పుస్తకంలో సగంలో మానేసినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడింది. చదువులో వాళ్లు పూర్తిచేసినవాళ్లకు తీసిపోరని, తేడా అంతా వాళ్లు చేరిన శాఖలు వాళ్లను కలుపుకున్న తీరులో ఉందని తేల్చింది. మానేసినవాళ్లు మాత్రం తప్పు తమదేనని నమ్ముతున్నారు. ఈ చివరి మాట నేను మన హాస్టళ్లలోనూ విన్నాను.

బ్రిటన్ మరో దారి పట్టింది. 1980లలో అక్కడి సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి నాలుగేళ్లలో సమర్పించేవారు మరీ తక్కువగా ఉన్న విద్యాసంస్థలకు ఉపకారవేతనాలు ఆపేయడం మొదలుపెట్టింది. శిక్ష విద్యార్థి మీద కాకుండా సంస్థ మీద పడింది. అంతే, కొన్నేళ్లలో సమర్పణలు బాగా పెరిగాయి. అంతకుముందు స్కాలర్ ఎక్కడున్నాడో తెలియని ప్రొఫెసర్లు అధ్యాయం ఏదీ అని వెంటపడ్డారు. దీనికో నష్టమూ ఉందని అక్కడివాళ్లే అన్నారు. నాలుగేళ్లలో తెమిలే చిన్న, భద్రమైన అంశాలే ఎంచుకుంటారని, పెద్ద ప్రశ్న ఎవరూ ముట్టుకోరని. ఆ భయం అబద్ధం కాదు. అయినా మన దగ్గర గడువు సాగినంత మాత్రాన ప్రశ్నలు పెద్దవైన దాఖలా నాకు కనిపించలేదు. ఎనిమిదేళ్లు పట్టిన 'ఫలానా కవి రచనలు – సమగ్ర పరిశీలన'లు అల్మరాల నిండా ఉన్నాయి.

మహిళా స్కాలర్ల సంగతి ఒక పేరాలో చెప్పి తప్పించుకునేది కాదు గానీ, ఒక్క విషయం. 2021-22లో పీహెచ్.డి.లో ఉన్న మహిళలు 98 వేలు, దాదాపు సగం. వారికి అదనంగా ఇచ్చిన రెండేళ్లు కాలమే, ఫెలోషిప్ కాదు. ఆ రెండేళ్లలో హాస్టల్ గదీ ఉండదు చాలామందికి. అత్తగారింట్లో డైనింగ్ టేబుల్ మీద, పిల్లవాడు నిద్రపోయాక రాసిన థీసిస్‌ను నేను చదివాను. ఒక పేజీ మూల పసుపు మరక ఉంది. "సారీ సార్, మళ్లీ ప్రింట్ తీస్తాను" అంది. వద్దన్నాను.

రాత ముగిస్తే పని ముగిసినట్టేనని అనుకునేవాడు ఇంకా డీటీపీ సెంటర్ గడప తొక్కలేదన్నమాట. తెలుగు థీసిస్‌కు ఇక్కడో సొంత గండం ఉంది. స్కాలర్ ఇంట్లో యూనికోడ్‌లో టైప్ చేసుకుంటాడు. సెంటర్లో అక్షరాలు అందంగా ఉంటాయని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలోకి మారుస్తారు. మార్పిడిలో 'క్ష'లు విరుగుతాయి, 'ర' వత్తులు అటూ ఇటూ దూకుతాయి, పాదసూచికల అంకెలు గల్లంతవుతాయి. మూడొందల పేజీల ప్రూఫు మళ్లీ మొదటి నుంచి. అదయ్యాక గ్రంథచౌర్య తనిఖీకి ఫైలు ఇవ్వమంటారు. అను ఫాంట్ల ఫైలు ఆ సాఫ్ట్‌వేర్‌కు పిచ్చిగీతల్లా కనబడుతుంది. మళ్లీ యూనికోడ్! ఒక రాత్రి పదకొండింటికి సెంటర్ షట్టర్ సగం దించి ఉండగా, ఆపరేటర్ కుర్రాడు నా స్కాలర్‌తో అన్నాడు: "అన్నా, మీరు మొదట తెచ్చిన ఫైలే బాగుంది కదా, ఎందుకు మార్పించారు?" అతని దగ్గర జవాబు లేదు. 'సార్లందరూ అలాగే చేయించారు' అన్నది జవాబు కాదు కదా.

తనిఖీ నిబంధన 2018 నాటిది. పోలిక 10 శాతం లోపుంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించినదీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపిన ఉద్ధరణలు, ఆధార గ్రంథాల పట్టిక, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు వరసగా 14 పదాల దాకా కలిసినా తప్పు కాదు. ఈ తనిఖీని ఆఖరి వారానికి వదిలేసేవాళ్లు నిప్పుతో ఆడుకుంటున్నట్టే. ప్రాచీన పద్యాలు, శాసన పాఠాలు విరివిగా వాడే మా శాఖల్లో ఉద్ధరణ గుర్తులు సరిగా పెట్టకపోతే నన్నయ రాసింది స్కాలర్ దొంగతనం కింద తేలుతుంది. అధ్యాయం అధ్యాయానికీ చూసుకుంటే ఇది ఒక పూట పని.

సమర్పణకు ముందు పత్రిక వ్యాసం తప్పనిసరి అన్న 2016 నాటి షరతును 2022లో యూజీసీ తీసేసింది. ఆ షరతు పుణ్యమా అని పుట్టిన డబ్బు పత్రికలు మాత్రం ఇంకా ఉన్నాయి.

గడువు ఒత్తిడి ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. కరోనా కాలంలో సమర్పణ తేదీని ఆరేసి నెలల చొప్పున పలుమార్లు పొడిగించారు. గ్రంథాలయాలు మూతపడ్డ రోజులు, అవసరమే. అంతకుముందు 2018లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2021 జూలై నుంచి పీహెచ్.డి. తప్పనిసరి అన్నారు. తర్వాత 2023 జూలైకి జరిపారు. తీరా 2023 వచ్చాక నెట్, సెట్ చాలన్నారు. ఆ ఐదేళ్లూ ఉద్యోగం కోసం పరుగున థీసిస్ కట్టేసినవాళ్లను నేను చూశాను, వాటిలో కొన్ని నా చేతి మీదుగానే వెళ్లాయి. వాటికి మరో ఆరు నెలలు పట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

సమర్పణ రోజు చూడముచ్చటగా ఉంటుంది. బంగారు అక్షరాల బైండింగు, నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ, హాస్టల్, మెస్, ఎన్‌సీసీ అని ఎప్పుడూ గడప తొక్కని చోట్ల సంతకాలు, చలాన్ రసీదు, గేటు దగ్గర ఫోటో, స్వీట్లు. పరీక్షల విభాగం గుమాస్తా తేదీ ముద్ర కొడతాడు. ఆ తర్వాత స్కాలర్‌కు ఇక తేదీలుండవు. సమర్పించిన నాటి నుంచి ఆరు నెలల్లో పరిశీలన, వైవా, ఫలితం అన్నీ ముగియాలని నిబంధనలో రాసి ఉంది. గైడు కాక బయటివారు కనీసం ఇద్దరు చదవాలి. ప్యానెల్ పంపడం, అనుమతి, ఉత్తరాలు, ఒప్పుకున్నట్టు జవాబు, నివేదికలు. స్కాలర్ ఆరేళ్లు దాటితే రీ-రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు ఉంది, రద్దు ఉంది. ఈ ఆరు నెలలు దాటితే ఎవరికీ ఏమీ లేదు. పట్టా వచ్చాక థీసిస్ ఆన్‌లైన్ భాండారం శోధగంగలో చేరుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడి దాకా పోవడానికే ఇంత ప్రవాహం కావాలి.

నిరుడు సమర్పించిన ఆ రికార్డింగుల అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. ఒక నివేదిక వచ్చిందట, అనుకూలంగానే. రెండో పరీక్షకులు రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. థీసిస్ పాత చిరునామాకు వెళ్లి తిరిగొచ్చింది, మళ్లీ పంపాలంటే కొత్త ప్యానెల్ ఆమోదం కావాలి. ఈలోగా డిగ్రీ లెక్చరర్ల నోటిఫికేషన్ పడింది, శుక్రవారం ఆఖరి తేదీ. ఆన్‌లైన్ దరఖాస్తులో పీహెచ్.డి. అన్నచోట రెండే గడులున్నాయట, 'ఉంది', 'లేదు'.

"ఏది నొక్కమంటారు సార్?" అంది.